ఫోను మారితే ఆఫీసు ఖాతా ఎందుకు తెరుచుకోదు?

ఆ మధ్య కొల్లేటి లంకల్లో ఒక పాల సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు కార్యదర్శిగారు దిగులుగా ఎదురువచ్చారు. అంతకు ముందువారం క్యాన్లు దోనె ఎక్కిస్తుండగా ఆయన ఫోను నీళ్ళలో పడిపోయింది. తాడేపల్లిగూడెం వెళ్ళి కొత్త ఫోను కొన్నారు, పాత నంబరుకే సిమ్ము తెచ్చుకున్నారు. సొంత మెయిలు, ఫొటోలు, చుట్టాల నంబర్లు అన్నీ తిరిగివచ్చాయి. ఆథెంటికేటర్ యాప్‌లో ఆఫీసు ఖాతా పేరు కూడా కనబడుతున్నది. కాని పాల లెక్కలు పంపే ఆ ఖాతా మాత్రం తెరుచుకోవడం లేదు. "పేరు ఉన్నదండీ, తాళం తియ్యదు" అన్నారాయన. పది రోజుల బిల్లుకు గడువు రేపో ఎల్లుండో. దాణా అప్పు తెచ్చిన సభ్యులు నలుగురు అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నారు.

ఇది ఫోను లోపం కాదు, కార్యదర్శి అజాగ్రత్తా కాదు. సొంత ఖాతాకూ ఆఫీసు ఖాతాకూ ఉన్న తేడా తెలియకపోవడం వల్ల వచ్చిన చిక్కు.

మన సంఘాల ఇనప్పెట్టెకు రెండు తాళాలు వేసి, ఒక చెవి అధ్యక్షుని దగ్గర, రెండవది కార్యదర్శి దగ్గర ఉంచే ఆనవాయితీ పెద్దలకు తెలిసినదే. ఆథెంటికేటర్ కూడా అటువంటి రెండవ తాళం. పాస్‌వర్డు మొదటి చెవి. మొదటిసారి కంప్యూటరు తెర మీది క్యూఆర్ కోడును ఫోనుతో స్కాను చేసినప్పుడు ఒక రహస్య సంఖ్య ఫోనులో చేరుతుంది. దానినీ, ఆ క్షణపు సమయాన్నీ కలిపి లెక్క కట్టి ఫోను ఆరంకెల కోడు చూపుతుంది. సాధారణంగా 30 సెకన్లకొకసారి అది మారిపోతుంది. అందువల్ల సిమ్ము మళ్ళీ తెచ్చుకున్నంత మాత్రాన చెవి తిరిగి రాదు. చెవి సిమ్ములో లేదు, నీళ్ళలో పోయిన ఫోనులో ఉన్నది.

మరి సొంత ఖాతా ఎలా వచ్చింది? దానికి యజమాని ఆయనే. గూగుల్ ఆథెంటికేటర్ 2023 ఏప్రిల్ నుంచి కోడులను గూగుల్ ఖాతాలో దాచుకునే వీలు కల్పించింది. మైక్రోసాఫ్ట్ యాప్‌లోనూ బ్యాకప్ ఉన్నది. ఆఫీసు ఖాతాకు యజమాని ఆఫీసు. మైక్రోసాఫ్ట్ యాప్‌లో బ్యాకప్ తీస్తే ఆఫీసు ఖాతా పేరు వస్తుంది గాని చెవి రాదు, మళ్ళీ నమోదు చేసుకోవలసిందే. ఆ నమోదు పేజీ తెరవడానికి పాత చెవే అడుగుతుంది! ఇక్కడే మనవాళ్ళు యాప్ తీసివేసి, మళ్ళీ వేసి, పదిసార్లు తంటాలు పడుతున్నారు. ఎంత వేసినా లాభం లేదు. ఆఫీసులో ఖాతాలు చూసే అడ్మినిస్ట్రేటరు పాత నమోదును రద్దు చేయవలెను, లేదా కొద్దిసేపు మాత్రమే పనిచేసే టెంపరరీ యాక్సెస్ పాస్ ఇవ్వవలెను. అప్పుడు కొత్త క్యూఆర్ కోడు స్కాను చేస్తే రెండు నిమిషాల పని.

ఒకే మెయిలు చిరునామాతో రెండు ఖాతాలున్నవారూ కనబడతారు. పూర్వం ఆఫీసు చిరునామాతోనే సొంత మైక్రోసాఫ్ట్ ఖాతా తెరవడానికి వీలుండేది. 2016లో దానిని చాలావరకు కట్టడి చేశారు గాని అంతకు ముందువి మిగిలిపోయాయి. అటువంటివారిని తెర "ఆఫీసు ఖాతానా, సొంత ఖాతానా" అని అడుగుతుంది. తొందరలో రెండవది నొక్కి, ఆఫీసు పాస్‌వర్డు కొట్టి, తప్పని వచ్చిందని కంగారుపడతారు.

కోడు చూసి సరిగానే కొట్టినా తప్పని వస్తుంటే ముందు ఫోను గడియారం చూడండి. తెల్లవారుజాము పాల సేకరణకు ఆలస్యం కాకూడదని గడియారం పది నిమిషాలు ముందుకు పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. గోడ గడియారానికి పెట్టుకోండి, అభ్యంతరం లేదు. ఫోనుకు మాత్రం వద్దు. సెట్టింగులలో తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉంచవలెను. సమయం తప్పితే కోడు తప్పుతుంది.

లంకల్లో సిగ్నలు అంతంత మాత్రమని చాలామంది భయపడతారు. ఆరంకెల కోడుకు ఫోనులో ఇంటర్నెట్టు అక్కరలేదు, ఫోనే లెక్క కడుతుంది. "అనుమతిస్తారా" అని ఫోనుకు వచ్చే కబురుకు మాత్రం ఇంటర్నెట్టు కావలెను. 2023 మే నుంచి మైక్రోసాఫ్ట్ ఆ కబురుకు, కంప్యూటరు తెర మీద కనబడే రెండంకెల సంఖ్యను ఫోనులో కొట్టాలనే నియమం పెట్టింది. మీరు ఖాతా తెరవకుండానే అటువంటి కబురు వస్తే, మీ పాస్‌వర్డు ఎవరికో తెలిసిందన్నమాట. నిరాకరించి, వెంటనే పాస్‌వర్డు మార్చి, ఆఫీసుకు చెప్పండి. ఫోను చేసి నంబరు చెప్పమనేవారు ఏ ఆఫీసు పేరు చెప్పినా చెప్పవద్దు.

పాలకవర్గం వారికి ఒక మాట. సంఘం లెక్కలన్నీ కార్యదర్శి సొంత ఫోనులోని ఒకే చెవి మీద ఆధారపడి ఉండడం నాకు నచ్చని పద్ధతి. ఆఫీసు ఒప్పుకుంటే రెండవ ఫోనులో కూడా నమోదు చేసుకోవచ్చు. అంతకన్నా మంచిది, అధ్యక్షునికో సహాయకునికో వేరే ఖాతా అడిగి తీసుకోవడం. పాస్‌వర్డు కాగితం మీద రాసి ఇద్దరూ వాడుకోవడం మాత్రం కూడదు. రేపు లెక్కలో తేడా వస్తే ఎవరు మార్చారో తేలదు. ఫోను అమ్మదలచినవారు కొత్త ఫోనులో ఆఫీసు ఖాతా తెరిచి చూసుకున్న తరువాతనే పాతది చేయి దాటించవలెను.

ఆ లంక సంఘం సంగతి. అడ్మినిస్ట్రేటరు పాత నమోదు రద్దు చేసిన పావుగంటకు ఖాతా తెరుచుకున్నది. అయితే ఆయన నంబరు కనుక్కోవడానికే రెండు రోజులు పట్టింది. బిల్లు ఆలస్యమైంది. ఇప్పుడు ఆ నంబరు పాల కేంద్రం గోడ మీద, వెన్న శాతం ధరల పట్టిక పక్కన పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది.