పట్టికను పటంగా మార్చే ముందు

ఉమ్మడి నల్గొండ జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సమస్య దశాబ్దాల నాటిది. అక్కడి కొన్ని బావుల నీటిని పరీక్షించి, ఫలితాలను ఎక్సెల్ పట్టికలో రాశామనుకుందాం. దాన్ని క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుంటే, ఏ బావి నీళ్లు తాగదగినవో రంగు చుక్కలుగా పటం మీద కనిపిస్తాయి. కానీ సాఫ్ట్‌వేర్‌కు ఊరు తెలియదు, గడిలోని అంకె మాత్రమే తెలుసు.

బావి ఎక్కడుందో చెప్పడానికి రెండు నిలువు వరుసలు కావాలి: ఒకటి అక్షాంశం, ఇంకొకటి రేఖాంశం. సాఫ్ట్‌వేర్‌లో 'ఎక్స్' అంటే రేఖాంశం, 'వై' అంటే అక్షాంశం. మనం మాటల్లో అక్షాంశాన్ని ముందు చెబుతాం కాబట్టి ఇవి తారుమారవుతుంటాయి. అప్పుడు నల్గొండ బావి 79 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి, అంటే నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ మంచు దీవులకు చేరుతుంది! గడిలో సున్నాలుంటే ఆఫ్రికా పక్కన సముద్రంలో తేలుతుంది. ఇలాంటి తప్పులతో పెద్ద ప్రమాదం లేదు, చూడగానే దొరికిపోతాయి.

దొరకని తప్పులతోనే చిక్కు. 17 డిగ్రీల 3 నిమిషాల 30 సెకండ్లను చాలామంది 17.0330 అని టైపు చేస్తారు. నిమిషాలను 60తో, సెకండ్లను 3600తో భాగించి డిగ్రీలకు కలపాలి. అలా చేస్తే వచ్చేది 17.0583. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ నేల మీద అది దాదాపు 2.8 కిలోమీటర్లు. బావి పక్క ఊరికి వెళ్లిపోతుంది, పటం మాత్రం చక్కగానే కనిపిస్తుంది.

ఇక ఫ్లోరైడ్ వరుస. వేరే నీటి వనరు లేకపోయినా లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది బీఐఎస్ ప్రమాణం. పరీక్షించని బావికి ఎవరైనా '0' వేస్తే అది సురక్షితమైన రంగులో మెరుస్తుంది. నా దృష్టిలో ఈ పట్టికలో ఇంతకన్నా హానికరమైన అంకె లేదు. పరీక్ష జరగకపోతే గడిని ఖాళీగా వదిలి, కారణాన్ని పక్క వరుసలో రాయండి. '1.8 మి.గ్రా.' అని రాసినా ఇబ్బందే. సాఫ్ట్‌వేర్ ఆ వరుసను అక్షరాలుగా లెక్కిస్తే 10 కన్నా 2 పెద్దదవుతుంది. యూనిట్ ఉండాల్సింది శీర్షికలో. శీర్షిక ఒకే అడ్డువరుసలో ఉండాలి, కలిపేసిన గడులు విడదీయాలి, ఫైలును యూటీఎఫ్-8 సీఎస్‌వీగా భద్రపరచాలి. లేకపోతే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా మారవచ్చు.

బావుల వారీగా కాక జిల్లా సగటులు చూపాలంటే, పట్టికను సరిహద్దుల ఫైలుతో జతచేయాలి. 'నల్గొండ', 'నల్లగొండ' కంప్యూటర్‌కు వేర్వేరు ఊళ్లు. అందుకే పేర్లకు బదులు జనగణన కోడ్‌లు వాడటం మేలు. 2016 అక్టోబరులో ఈ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయన్నది కూడా మరవకూడదు. 2011 నాటి సగటును నేటి సరిహద్దుతో పేరు ఆధారంగా జతచేస్తే ఏ హెచ్చరికా రాదు. పాత పెద్ద జిల్లా అంకె కొత్త చిన్న జిల్లాకు అంటుకుంటుంది.

జరిగిన చుక్కలను పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. పట్టికలో గ్రామం పేరుకు ఒక వరుస ఉంచండి. చుక్కలు పటం మీదకు వచ్చాక, ఏ చుక్క ఏ గ్రామ సరిహద్దులో పడిందో క్యూజీఐఎస్‌తోనే రాబట్టి, రెంటినీ పోల్చండి. మండల సరిహద్దులతో పోలిస్తే చాలదు, 2.8 కిలోమీటర్లు జరిగిన బావి చాలాసార్లు అదే మండలంలో ఉండిపోతుంది.