మోటారుబండి కమానులు: ఎత్తు వేరు, బిగి వేరు

విద్యార్థులారా! తెలుగు చెప్పుకొను అయ్యవారికి మోటారుబండి కమానులతో పని యేమని మీలో కొందరు నవ్వవచ్చును. పని కలిగినది కనుకనే వ్రాయుచున్నాను. మన బడికి పిల్లలను తెచ్చు బండ్లలో పాత అంబాసిడరు ఒకటి కలదు. మన విద్యార్థి తండ్రిగారు దానిని నడుపుదురు. గత వర్షాకాలమున నేనును అందులో బళ్ళారి నుండి హొసపేట దారిని పోవుచుండగా, ఒక మలుపులో బండి తోక జారి, అడ్డముగా తిరిగి, తుమ్మచెట్టునకు మూరెడు దూరమున నిలిచినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని వెనుక ఆసనమున నలుగురు పిల్లలుండిరి.

వారము క్రిందటనే ఆయన ఒక కార్ఖానాలో వెనుక కమానుకట్టలకు రెండేసి పట్టీలు అదనముగా వేయించియుండిరి. దారిలోని దిబ్బలకు బండి అడుగు తగులుచుండుటయే కారణము. "ఎత్తు పెరిగింది గదా సార్, తప్పెక్కడ జరిగింది?" అని ఆయన నన్నడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ పాఠము.

మొదట బండి సంగతి. అంబాసిడరునకు మాతృక ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు. మన దేశమున బెంగాలులోని ఉత్తరపారాలో తయారగుచు, 2014లో నిలిచిపోయినది. పాత అంబాసిడరులో వెనుక వైపున విల్లువలె వంగిన ఉక్కుపట్టీల కట్టలుండును. కమాను అనగా పారసీకమున విల్లు. నేను అనంతపురమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో అచ్చటి బస్సువారును కమానుకట్ట అనియే అనుచుండిరి. ముందు వైపున విల్లు లేదు. బండి పొడవునకు సాగిన రెండు ఉక్కుకడ్డీలుండును. చక్రము పైకి లేచినపుడు కడ్డీ మెలిపడును. ఆ మెలి విడివడుటకు చేయు యత్నమే బండిని మోయును. భౌతికశాస్త్రమున దీనిని విమోటనమందురు.

ఇక అసలు విషయము. రాబర్టు హుక్కు 1678లో ప్రకటించిన సూత్రము మీకు తెలిసినదే: సాగుట బలమునకు అనుపాతమున ఉండును. ఒక సెంటీమీటరు కుంగుటకు ఎంత బరువు కావలెనో అదియే కమాను బిగి. బండి నేలకు ఎంత పైన నిలుచునో అది ఎత్తు. ఈ రెంటిని ఒక్కటిగా తలచుటయే మనవారి పొరపాటు. కుంగిన కమాను మెత్తబడిన కమాను కాదు. ఏండ్ల తరబడి బరువు మోసి ఉక్కు తన వంపును కోల్పోవును గాని, దాని స్థితిస్థాపక గుణకము మారదు. కావున పాత పట్టీలను మరల వంచినచో ఎత్తు వచ్చును, బిగి యథాతథముగా నుండును. అయితే వేడిచేసి వంచినచో మరల సరిగా పదును పెట్టవలెను. లేనిచో నెలలు తిరుగకయే కుంగును. ముందు కడ్డీల సంగతియు అట్టిదే. కడ్డీ చివర పళ్ళుండును. పన్ను మార్చి అమర్చిన బండి ముందు భాగము లేచును, బిగి మారదు.

బిగి పెరుగవలెనన్న ఉక్కే పెరుగవలెను. ఏడు సమానమైన పట్టీలున్న కట్టకు అట్టివే రెండు చేర్చినచో బిగి 9/7 వంతు, అనగా సుమారు 29 శాతము పెరుగును. పట్టీ మందము పదింట ఒక వంతు పెంచినచో 33 శాతము పెరుగును, ఏలయన మందము యొక్క ఘనమును బట్టి బిగి మారును. కడ్డీ విషయమున వ్యాసము యొక్క నాలుగవ ఘాతము లెక్కకు వచ్చును. పదింట ఒక వంతు లావైనచో 46 శాతము! కొద్ది మార్పే గదా యని కన్ను మోసపోవునది ఇచ్చటనే.

బిగి పెరిగిన ఫలము డోలనములో కనబడును. బండి తన బరువుచే కమాను ఎన్ని సెంటీమీటర్లు కుంగునో దాని వర్గమూలముతో 300ను భాగించినచో, నిమిషమునకు సుమారు ఎన్ని డోలనములో వచ్చును. 16 సెంటీమీటర్లు కుంగినచో 75. 9 మాత్రమే కుంగినచో 100. నిమిషమునకు అరువది మొదలు తొంబది వరకు మన దేహమునకు హాయి. నడకలో మనము ఊగునట్టి వేగమది. అంతకు మించిన ఖాళీ బండి గతుకులపై ఎగిరెగిరి పడును. ఎగిరిన చక్రమునకు నేలపై పట్టుండదు. తడిసిన దారిలో మాటయేమి?

మా బండిలో జరిగినదిదే. వెనుక మాత్రమే బిగి పెరిగినది. మలుపులో బండి ఒరగినపుడు, ఏ ఇరుసు బిగి ఎక్కువో ఆ ఇరుసుపైననే భారము లోపలి చక్రము నుండి వెలుపలి చక్రమునకు ఎక్కువగా మారును. అందుచే వెనుక చక్రముల జంటకు మొత్తము పట్టు తగ్గి తోక జారినది. పైగా అదురును అణచు డ్యాంపర్లు పాతవే. బిగి నాలుగింతలైనచో వాని బలము రెండింతలు కావలెను. ఎంతో కొంత బిగి పెంచి వానిని ముట్టక వదలుట తగదు.

ఎత్తునకును వెల కలదు. చక్రముల నడుమ వెడల్పు 135 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 60 అనుకొనుడు. అర వెడల్పును ఎత్తుచే భాగించిన 1.125 వచ్చును. బండిని 5 సెంటీమీటర్లు లేపినచో అది 1.04కు దిగును, అనగా ఒరిగి పడుటకు ఆమేరకు చేరువైనట్లు. ఎత్తు మార్చిన పిమ్మట ముందు చక్రముల వాలును, దిశను తిరిగి సరిచూడవలెను. బ్రేకు గొట్టములు చక్రము పూర్తిగా వ్రేలాడినపుడు బిగుసుకొనకుండ చూడవలెను. వెనుక భాగమే లేచినచో దీపముల వెలుగు నేలను బడును; రాత్రి దూరము కనబడదు.

ఆయన అదనపు పట్టీలు తీయించి, పాతవానిని వంచి పదును పెట్టించిరి. ముందు కడ్డీలను సరిచేయించి, నాలుగు డ్యాంపర్లు క్రొత్తవి వేయించిరి. ఖర్చు అయినది, నెల రోజులు చేతిబిగువుగానే గడిపిరి. పిల్లలు మరల ఆ బండిలోనే వచ్చుచున్నారు.

అభ్యాసము: ఏడు పట్టీల కట్టలు రెండున్న బండిలో, వెనుక ఇరుసుకు సరిగా పైన 240 కిలోగ్రాముల బరువు ఉంచగా 6 సెంటీమీటర్లు కుంగినది. ఒక్కొక్క కట్ట బిగి ఎంత? ఒక్కొక్క కట్టకు అట్టివే రెండు పట్టీలు చేర్చినచో అదే బరువునకు ఎంత కుంగును? కొలబద్దతో మీ ఇంటి బండినే కొలిచి, మీ లెక్కను ప్రక్కన వ్రాసి తెండు.