స్థూలకాయ శస్త్రచికిత్సకు పూర్వము పాటింపవలసిన పథ్యము

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు పారిన నాటినుండి మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో వరియే ప్రధానమైనది. మూడు పూటలా అన్నమే భుజించి, దుకాణములలోను కార్యాలయములలోను కూర్చుండువారికి మేదస్సు పెరుగుటలో వింత లేదు. పథ్యమువలన, వ్యాయామమువలన తగ్గని స్థూలకాయులు కొందరు సూర్యాపేట మీదుగా హైదరాబాదు వెళ్ళి, జీర్ణాశయమును చిన్నది చేయు శస్త్రచికిత్స చేయించుకొనుచున్నారు. దానికి ముందు సుమారు రెండు వారములు మితాహారము తీసుకొనవలెనని వైద్యులు చెప్పుదురు. “ఎటులను కడుపు కోసెదరు గదా, ఈ పథ్యమెందులకు?” అని పలువురు అడుగుచున్నారు. మరికొందరు, ఇకమీదట తినలేమను తలంపుతో ఆ రోజులలోనే బిర్యానీలు, మిఠాయిలు ఆరగించుచున్నారు. ఇది మిక్కిలి ప్రమాదకరము.

ఈ పథ్యము ముఖ్యముగా కాలేయము కొరకు. కాలేయపు ఎడమభాగము జీర్ణాశయమును పైనుండి కప్పియుండును. శస్త్రవైద్యుడు దానిని పైకెత్తి పట్టినగాని పని సాగదు. స్థూలకాయులలో అది కొవ్వుతో ఉబ్బి బరువెక్కి, తాకినంతనే చిట్లి రక్తము స్రవించు స్థితిలో ఉండవచ్చును. చిన్న రంధ్రములద్వారా చేయదలచిన శస్త్రచికిత్సను ఒక్కొక్కప్పుడు ఈ కారణముననే పొట్ట కోసి చేయవలసివచ్చును. పిండిపదార్థములు తగ్గించినచో కాలేయమున నిలువయున్న చక్కెర, దానితోపాటు నీరు మొదట కరగును. పిదప కొవ్వు తగ్గును. రెండు వారములలోనే కాలేయము కుంచించుకొనును.

అట్లని నిరాహారముగా ఉండరాదు. స్థూలుని జఠరాగ్ని తీవ్రమైనదనియు, అతడు ఆకలికి ఓర్వలేడనియు చరకుడు సూత్రస్థానము 21వ అధ్యాయమున వివరించినాడు. కడుపు నిండవలెను, మేదస్సు పెరుగరాదు. పెసరకట్టు, ఉలవకట్టు, వెన్న తీసిన పలుచని మజ్జిగ, గ్రుడ్డు తెల్లసొన, సొర, బీర, పొట్ల కూరలు ఇందుకు తగినవి. హోటళ్ళలో మీగడ వేసి వడ్డించు ఉలవచారు మాత్రము పనికిరాదు! సాధారణముగా దినమునకు 800 నుండి 1000 కేలరీలు విధింతురు. ఆసుపత్రివారిచ్చిన పట్టికయే ప్రమాణము. అన్నము మాని జొన్నరొట్టెలు యథేచ్ఛగా తినుటవలన ఫలము లేదు. 100 గ్రాముల బియ్యమునందును, జొన్నలయందును దాదాపు 350 కేలరీలే కలవు.

మధుమేహమునకు ఇన్సులిన్‌గాని మాత్రలుగాని వాడువారు పథ్యము మొదలిడుటకు ముందే వైద్యునిచే మోతాదు సరిచేయించుకొనవలెను. లేనిచో చక్కెర పడిపోయి చెమట, వణుకు, స్పృహతప్పుట సంభవించును.

మా మూలికల విషయము కూడ చెప్పక తప్పదు. గుగ్గులు, వెల్లుల్లి మాత్రలు, పసుపుసారము రక్తము గడ్డకట్టుటను మందగింపజేయవచ్చును. అతిమధురము రక్తపుపోటును పెంచి, పొటాషియమును తగ్గించును. కావున ఇట్టి ఔషధములను రెండు వారముల ముందే ఆపి, ఏవేవి వాడినదియు మత్తు వైద్యునికి దాచక చెప్పవలెను. బి.పి., థైరాయిడ్ మాత్రలను మాత్రము స్వయముగా ఆపరాదు.

శస్త్రచికిత్స నాడు మజ్జిగను నీటితో సమానముగా ఎంచరాదు. పాలు, మజ్జిగ కనీసము 6 గంటల ముందే మానవలెను. మంచినీటిని సాధారణముగా 2 గంటల ముందువరకు అనుమతింతురు. మత్తు వైద్యుడు వేరుగా చెప్పినచో ఆ ప్రకారమే నడచుకొనవలెను.