పుట్టినరోజు కేకు రుచి ఐస్‌క్రీమ్ – ఇంద్రియ పరీక్షలో మెలకువలు

ఐస్‌క్రీమ్ నాణ్యతను నిర్ణయించడంలో శిక్షణ ఇచ్చేటప్పుడు సాధారణంగా వెనిల్లా రకంతోనే ప్రారంభిస్తారు. వెనిల్లా ఏ లోపాన్నీ దాచలేదు. పాతబడిన పాలపొడి వాసన, ఆక్సీకరణ చెందిన కొవ్వు నుంచి వచ్చే అట్టముక్క వాసన, అతిగా కాచిన పాల రుచి అందులో వెంటనే బయటపడతాయి. పుట్టినరోజు కేకు రుచి ఐస్‌క్రీమ్ స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. ఘాటైన సువాసన, అధికమైన తీపి, కేకు ముక్కలు, రంగు చక్కెర పలుకులు కలిసి నాసిరకం పాల మిశ్రమాన్ని సైతం కప్పివేయగలవు. అందువల్ల ఈ రకాన్ని పరీక్షించేవారు రుచి బాగున్నదా అని మాత్రమే చూస్తే సరిపోదు. ఆ రుచి చాటున ఏమున్నదో కూడా తెలుసుకోవాలి.

ఏ కేకు రుచి?

మామిడి ఐస్‌క్రీమ్‌కు మామిడి పండే ప్రమాణం. పుట్టినరోజు కేకుకు అటువంటి ప్రమాణం ప్రకృతిలో లేదు. ఈ రుచి అమెరికాలో రూపుదిద్దుకున్నది. అక్కడి ఇళ్లలో పెట్టెలో వచ్చే కేకు పిండితో పుట్టినరోజు కేకు చేసుకోవడం వాడుక. పిల్స్‌బరీ సంస్థ 1989లో రంగు చక్కెర పలుకులు కలిపిన కేకు పిండిని ‘ఫన్‌ఫెట్టి’ పేరుతో విడుదల చేసిన తరువాత తెల్లని కేకులో రంగుల చుక్కలు ఆ వేడుకకు గుర్తుగా స్థిరపడ్డాయి. ఐస్‌క్రీమ్ తయారీదారులు అనుకరించేది ప్రధానంగా ఆ కేకునే. దాని సువాసనలో కృత్రిమ వెనిల్లాకు మూలమైన వెనిలిన్, వెన్న వాసననిచ్చే డైఎసిటైల్, కొన్ని తయారీలలో బాదం వాసననిచ్చే బెంజాల్డిహైడ్ ముఖ్యమైనవి.

తెలుగు రాష్ట్రాలలో పెరిగిన పిల్లలకు పుట్టినరోజు కేకు అంటే బేకరీలో దొరికే కూల్ కేకు. మెత్తని స్పాంజి, దానిపై వృక్ష సంబంధ కొవ్వుతో గిలకొట్టిన క్రీము, చాలాసార్లు పైనాపిల్ ఎసెన్స్. ఈ రెండు కేకులకూ రుచిలో పోలిక తక్కువ. అమెరికా పద్ధతిలో తయారైన ఐస్‌క్రీమ్‌ను ఇక్కడి వారికి ఇచ్చి ‘కేకు రుచి ఉన్నదా?’ అని అడిగితే చాలామంది లేదంటారు. బాదం వాసనను వారు బాదం పాలతో ముడిపెడతారు. కనుక పరీక్షకు ముందే ఏ కేకును ప్రమాణంగా తీసుకుంటున్నారో నిర్ణయించి, ఆ కేకు ముక్కను, ఒక్కొక్క సువాసన ద్రవ్యాన్ని బాగా పలుచన చేసి, పరీక్షకులకు విడివిడిగా వాసన చూపించాలి. ఏ వాసనను ఏ మాటతో పిలవాలో అందరూ ఒక అంగీకారానికి రావాలి. ఈ మెట్టు దాటకుండా వేసిన మార్కులకు విలువ లేదు. డైఎసిటైల్ వాసనను కొందరు ‘నేతి వాసన’ అని రాస్తుంటారు. అది సరికాదు. అది పులిసిన మీగడ నుంచి తీసిన వెన్న వాసనకు దగ్గరిది; నేతి పరిమళం వెన్నను కాచినప్పుడు పుట్టేది.

నమూనాల తయారీ

నమూనాలను −18 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రతలో నిల్వ చేసి, పరీక్ష సమయానికి −15 నుంచి −12 డిగ్రీలకు తేవాలి. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి తీపి, సువాసన రెండూ తక్కువగా తెలుస్తాయి. కరిగిన ఐస్‌క్రీమ్ వెగటుగా అనిపించడానికి కారణం కూడా ఇదే. చలి తగ్గగానే అసలు తీపి బయటపడుతుంది. కప్పులపై మూడంకెల సంకేత సంఖ్యలు మాత్రమే ఉండాలి. ఇచ్చే వరుస ఒక్కో పరీక్షకుడికి ఒక్కో విధంగా మారాలి. నమూనాకు, నమూనాకు మధ్య గోరువెచ్చని నీటితో నోరు పుక్కిలించాలి.

ఈ రకంలో అసలు చిక్కు కేకు ముక్కలతో వస్తుంది. ఒకరి చెంచాలో రెండు ముక్కలు, మరొకరి చెంచాలో ఒక్కటీ రాకపోవచ్చు. అప్పుడు ఇద్దరూ వేర్వేరు పదార్థాలను రుచి చూసినట్లే. దీనికి సులువైన మార్గం పరీక్షను రెండు విడతలుగా జరపడం. మొదటి విడతలో ముక్కలు, చక్కెర పలుకులు కలపక ముందు తీసిన ఐస్‌క్రీమ్‌ను ఇవ్వాలి. పాల మిశ్రమంలోని లోపాలు ఇక్కడే దొరుకుతాయి. రెండవ విడతలో పూర్తి ఉత్పత్తిని, ప్రతి కప్పులో ముక్కలు దాదాపు సమానంగా ఉండేటట్లు చూసి ఇవ్వాలి. మార్కెట్లో కొన్న నమూనాలకు మొదటి విడత సాధ్యం కాదు. అటువంటప్పుడు ముక్కలు లేని చోటు నుంచి అరచెంచా తీసి ముందుగా చూడాలి.

నోటిలో గమనించవలసినవి

ఐస్‌క్రీమ్‌ను నోటిలో పెట్టుకున్న వెంటనే తీర్పు ఇవ్వరాదు. కరిగి వెచ్చబడే కొద్దీ సువాసన విడుదలవుతుంది. మింగిన తరువాత లేదా ఉమ్మివేసిన తరువాత కొంతసేపు ఆగాలి. నిజమైన పరీక్ష ఇక్కడే ఉన్నది. ఆక్సీకరణ చెందిన కొవ్వు రుచి త్వరగా వదలదు. కేకు సువాసన తగ్గుముఖం పట్టిన తరువాత నోటిలో అట్టముక్క రుచి మిగిలితే, ముందు ఎంత బాగున్నా మార్కులు తగ్గించవలసిందే.

గరుకుదనం విషయంలో తొందరపాటు పనికిరాదు. ఈ ఐస్‌క్రీమ్‌లో గరుకుకు నాలుగు మూలాలు ఉండవచ్చు. మంచు స్ఫటికాలు సుమారు 50 మైక్రోమీటర్లు దాటితే నాలుకకు తెలుస్తాయి. అవి చల్లగా తగిలి త్వరగా కరిగిపోతాయి. లాక్టోజ్ స్ఫటికాలు ఇసుకలా తగిలి, మంచు కరిగిన తరువాత కూడా కొంతసేపు నిలుస్తాయి. కేకు పొడి నొక్కితే మెత్తగా అణుగుతుంది. చక్కెర పలుకు పంటి కింద పటుక్కుమంటుంది. వీటిలో మొదటి రెండే లోపాలు. కేకు పొడిని చూసి ‘ఇసుకదనం’ అని రాసిన పరీక్షకుడు తయారీదారుని తప్పుదారి పట్టించినవాడవుతాడు. ఆ మాట నమ్మి అతడు పాలపొడి మోతాదు తగ్గిస్తే మంచి మిశ్రమమే చెడుతుంది.

చక్కెర పలుకుల రంగు చుట్టూ పాకిందా, కేకు ముక్క తేమ పీల్చి జావగా మారిందా అన్నవి కంటితోను, పంటితోను తేల్చాలి. ముక్కలకు పలుచని కొవ్వు పూత ఉంటే తేమ చేరడం నెమ్మదిస్తుంది. పచ్చి పిండి రుచి కోసం మైదా కలిపే తయారీలలో వేడిచేసి శుద్ధి చేసిన పిండినే వాడాలి. పచ్చి మైదాలో సాల్మొనెల్లా, ఈ.కోలి ఉండే ప్రమాదం ఉన్నది. అటువంటి నమూనాలో పిండిని శుద్ధి చేసినట్లు రూఢి కానిదే పరీక్షకులకు రుచి చూపరాదు.

మార్కులు, ఇష్టం

శిక్షణ పొందిన పరీక్షకులను ‘మీకు నచ్చిందా?’ అని అడగరాదు. వారి పని లోపాన్ని గుర్తించి, తీవ్రతను కొలవడం. ఇష్టాన్ని తెలుసుకోవడానికి 9 పాయింట్ల హెడానిక్ స్కేలును వినియోగదారులకు ఇవ్వాలి. కనీసం 50 మంది లేనిదే ఆ సగటును నమ్మడం కష్టం. చిన్న పిల్లలకు అంకెల బదులు నవ్వు, ఏడుపు ముఖాల బొమ్మలు ఇస్తారు. ఒక సువాసన ద్రవ్యాన్ని చవకైన దానితో మార్చినప్పుడు తేడా తెలుస్తున్నదా అని చూడడానికి త్రికోణ పరీక్ష చాలు. మూడు కప్పులలో రెండు ఒకటే, మూడవది వేరు; ఊహతోనే సరిగా చెప్పే అవకాశం మూడింట ఒక వంతు ఉంటుంది కనుక అంతకన్నా స్పష్టంగా ఎక్కువమంది గుర్తించినప్పుడే తేడా ఉన్నట్లు భావించాలి.

రుచి పరీక్షతో పాటు చట్టపరమైన ప్రమాణమూ చూడాలి. మన దేశంలో ఐస్‌క్రీమ్ అని పిలవడానికి పాల కొవ్వు కనీసం 10 శాతం, మొత్తం ఘన పదార్థాలు 36 శాతం, మాంసకృత్తులు 3.5 శాతం, లీటరు బరువు 525 గ్రాములు ఉండాలి. కేకు ప్రత్యేక పొరగా ఉన్నప్పుడు ఈ ప్రమాణాలు ఐస్‌క్రీమ్ భాగానికి మాత్రమే వర్తిస్తాయి. వృక్ష సంబంధ కొవ్వు వాడినది ఫ్రోజెన్ డెజర్ట్. దానిని ఐస్‌క్రీమ్ నమూనాల సరసన ఉంచి మార్కులు వేయరాదు. కేకులో గుడ్డు ఉంటే శాకాహార గుర్తు వాడరాదు.

తాజా నమూనాకు వచ్చిన మార్కులు దుకాణంలో ఉన్న సరుకుకు వర్తించవు. వేసవిలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఐస్‌క్రీమ్ కొంత కరిగి మళ్లీ గడ్డకడుతుంది, మంచు స్ఫటికాలు పెరుగుతాయి, కేకు ముక్కకు తేమ చేరుతుంది. కనుక అదే తయారీకి చెందిన కొన్ని కప్పులను కావాలనే ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులకు గురిచేసి, కొన్ని వారాల తరువాత అదే పరీక్షకులకు కొత్త సంకేత సంఖ్యలతో మళ్లీ ఇవ్వాలి.