వాగు తరఫున సాక్ష్యం ఎవరు చెబుతారు?

పిల్లలూ! ఊళ్ళో దొంగతనం జరిగిందనుకోండి. చూసినవాడు కోర్టుకు వెళ్ళి, బోనెక్కి, చూసింది చూసినట్టు చెబుతాడు. మరి ఒక వాగు పాడైపోతే? వాగు బోనెక్కలేదు గదా! దాని తరఫున మాట్లాడేది సీసాలో పట్టిన కాసిని నీళ్ళు మాత్రమే. ఆ సీసాను ఏమడగాలో చట్టం ముందే రాసిపెడుతుంది. అడగని ప్రశ్నకు సీసా జవాబు చెప్పదు. ఈ చిక్కు ఎంత పెద్దదో చూద్దాం.

సంగారెడ్డి నుంచి హైదరాబాదు వైపు బస్సులో వస్తే మొదట కంది తగులుతుంది. ఐ.ఐ.టి. ఉన్న ఊరు అదే. ఇంకా ముందుకు పోతే పటాన్‌చెరు. 1970ల నుంచి ఇక్కడ పారిశ్రామికవాడ పెరిగింది. మందులు, రంగులు, రసాయనాలు తయారుచేసే కర్మాగారాలు వరుసగా వచ్చాయి. ఈ ప్రాంతపు వాననీటిని మోసుకుపోయేది నక్కవాగు. అది మంజీరలోనూ, మంజీర గోదావరిలోనూ కలుస్తాయి. కర్మాగారాలు వదిలిన నీరు కూడా ఈ దారినే పట్టింది. ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి ఊళ్ళ రైతులు వాగు నీటితో వ్యవసాయం చేసేవారు. ఆ నీరు రంగు మారింది, బావులూ చెడ్డాయి.

అప్పటికే మన దేశంలో ఒక చట్టం ఉంది. 1974లో పార్లమెంటు చేసిన జల కాలుష్య నివారణ చట్టం అది. రాష్ట్రాలలో కాలుష్య నియంత్రణ మండళ్ళు ఏర్పడింది దాని ప్రకారమే. సీసాలో నీరు ఎలా పట్టాలో కూడా ఆ చట్టంలోనే ఉంది. మండలి అధికారి ముందుగా కర్మాగారం వారికి నోటీసు ఇవ్వాలి. వారి ఎదుటనే నమూనాను రెండు భాగాలు చేయాలి. సీసాలకు సీలు వేసి, ఇరువర్గాలూ సంతకాలు పెట్టాలి. ఈ పద్ధతి తప్పితే నీటిలో విషమే ఉన్నా ఆ నివేదిక కోర్టులో నిలవదు. ఇదంతా చాదస్తంలా కనిపించవచ్చు. కానీ నీరు మార్చేశారని రేపు ఎవరూ అనకుండా ఉండాలంటే ఇంత జాగ్రత్తా అవసరమే.

ఇక ప్రయోగశాలలో ఆ నీటిని అడిగే ప్రశ్నలు చూడండి. మొదటిది బి.ఓ.డి. నీటిలోని మురికిని తినే సూక్ష్మజీవులు ఆమ్లజనిని వాడుకుంటాయి. నీటిని 27 డిగ్రీల వేడిలో 3 రోజులు ఉంచి, ఎంత ఆమ్లజని తగ్గిందో కొలుస్తారు. మురికి ఎక్కువైతే ఆమ్లజని ఎక్కువ ఖర్చవుతుంది. వాగులలోకి వదిలే నీటికి సాధారణ ప్రమాణం లీటరుకు 30 మిల్లీగ్రాములు. రెండవది సి.ఓ.డి. ఇందులో సూక్ష్మజీవులతో పనిలేదు. ఘాటైన రసాయనంతో మురికిని దహించి, ఎంత ఆమ్లజని కావలసివచ్చిందో లెక్కకడతారు. దీని హద్దు 250 మిల్లీగ్రాములు. ఇంకా ఆమ్లత్వం, తేలియాడే మట్టి, కొన్ని లోహాలు కూడా పరీక్షిస్తారు.

ఇన్ని పరీక్షలున్నా వాగు బాగుపడలేదు. 1990లో ‘ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్’ అనే సంస్థ పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల కాలుష్యంపై సుప్రీంకోర్టుకు వెళ్ళింది. పొలాలకు జరిగిన నష్టాన్ని లెక్కించే పని జిల్లా జడ్జికి అప్పగించింది కోర్టు. 2001లో కేసు హైకోర్టుకు వచ్చింది, ఆ తరువాత జాతీయ హరిత ట్రిబ్యునలుకు మారింది. ట్రిబ్యునలు తీర్పు చెప్పింది 2017 అక్టోబరులో. లెక్క వేసుకోండి, 27 ఏళ్ళు! కేసు మొదలైనప్పుడు బడిలో చేరిన పిల్లవాడి పిల్లలు బడికి పోయే వయసుకు వచ్చేశారన్నమాట.

ఈలోగా చట్టం ఊరుకోలేదు. ఇదే సంస్థ రాజస్థాన్‌లోని బిఛ్రీ గ్రామం గురించి వేసిన మరో కేసులో 1996లో సుప్రీంకోర్టు ఒక సూత్రాన్ని గట్టిగా చెప్పింది. పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలి. 1999లో మన హైదరాబాదు జంట జలాశయాల దగ్గర పెద్దషాపూర్‌లో పెట్టదలచిన ఆముదం ఆధారిత పరిశ్రమ కేసు వచ్చింది. అందులో ఇంకో సంగతి తేల్చింది. హాని జరుగుతుందని ఊరివాళ్ళు నిరూపించనక్కరలేదు. హాని లేదని పరిశ్రమే నిరూపించుకోవాలి. నన్నడిగితే రెండిటిలో ఇదే పెద్ద మార్పు. రైతు దగ్గర ప్రయోగశాల ఉండదు గదా!

ఇటు పటాన్‌చెరులో కర్మాగారాల నీటిని ఒకచోట చేర్చి శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం ఏర్పడింది. దానికి నీరు పంపేవాటిలో మందుల తయారీదారులే సుమారు 90 మంది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు జోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఆ కేంద్రం శుద్ధిచేసి వదిలిన నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. వారు నీటిని వేరే ప్రశ్న అడిగారు: నీలో ఏ మందులున్నాయి? సిప్రోఫ్లాక్సాసిన్ అనే సూక్ష్మజీవ నాశక ఔషధం లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ!

మీరే గుణించి చూడండి. కేంద్రం నుంచి రోజుకు సుమారు 15 లక్షల లీటర్ల నీరు బయటికి వచ్చేది. లీటరుకు 30 మిల్లీగ్రాములు వేసుకుంటే 45 కిలోలు. అంత మందును స్వీడన్ దేశమంతా 5 రోజులు వాడుకుంటుందని శాస్త్రజ్ఞులు పోల్చి చెప్పారు.

మరి ఇంత మందు మన పాత పరీక్షలకు ఎందుకు దొరకలేదు? 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్‌ను పూర్తిగా దహించడానికి లెక్క ప్రకారం సుమారు 52 మిల్లీగ్రాముల ఆమ్లజని చాలు. సి.ఓ.డి. హద్దు 250 గదా! కేవలం ఈ మందే ఉన్న నీరు ఆ పరీక్షలో హాయిగా నెగ్గిపోతుంది. బి.ఓ.డి. సంగతి ఇంకా విచిత్రం. పరీక్షలో పనిచేయవలసిన సూక్ష్మజీవులనే మందు చంపేస్తే అవి ఆమ్లజనిని వాడుకోవు. అప్పుడు అంకె తక్కువగా వచ్చి, నీరు శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

చచ్చిపోని సూక్ష్మజీవులతోనే అసలు ప్రమాదం. మందును తట్టుకునే జన్యువు ఉన్నవి బతికి, పెరిగి, ఆ జన్యువును పక్కవాటికి కూడా అందిస్తాయి. రేపు అలాంటివి మనిషికి జబ్బు తెస్తే డాక్టరు ఇచ్చే మాత్ర పనిచేయదు. శుద్ధి కేంద్రం నీటిని తరువాత 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా అంబర్‌పేట మురుగునీటి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. నక్కవాగుకు భారం తగ్గింది, నిజమే. కానీ అంబర్‌పేట ఉన్నది మూసీ ఒడ్డున!

2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఒక ముసాయిదా వెలువరించింది. మందుల కర్మాగారాల నీటిలో ఈ ఔషధాలు ఒక్కొక్కటి ఎంత మించరాదో అందులో పట్టిక ఉంది. 2021 ఆగస్టులో తుది ప్రకటన వచ్చింది. పట్టిక మాత్రం అందులో లేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమై మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలే గాని చట్టం కావు.

అదే 2024లో మన జల చట్టానికీ సవరణ జరిగింది. అనేక తప్పులకు జైలుశిక్ష తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టారు. నీరు రాష్ట్రాల అధికారంలోని విషయం కనుక, తీర్మానం చేసుకున్న రాష్ట్రాలకే ఇది వర్తిస్తుంది. ఆ ఏడు మార్చిలోనే సుప్రీంకోర్టు, వాతావరణ మార్పుల కీడు నుంచి రక్షణ పొందడం కూడా పౌరుల హక్కేనని చెప్పింది. అది బట్టమేక పక్షులు విద్యుత్తు తీగలకు తగిలి చనిపోతున్న కేసు. దాని కథ మరోసారి.

ఈసారి మీ ఊరి వాగు నీటి పరీక్ష నివేదిక ఎక్కడైనా చూస్తే, చివరనున్న ‘ప్రమాణాలకు లోబడి ఉంది’ అన్న వాక్యంతో ఆపకండి. ఏమేమి పరీక్షించారో వరుసలు లెక్కపెట్టండి.