దరఖాస్తులో చివరి వాక్యం

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో డిగ్రీ చదివి ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలు పంపే మెయిళ్లు తరచూ ఒకే మాటతో ముగుస్తాయి: 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు.' మర్యాదైన మాటే. కాకపోతే 'హియర్' ఉన్నచోట 'హియరింగ్' ఉండాలి.

ఇంత చిన్న తప్పుతో ఎవరి తెలివీ తేలిపోదు. అయినా మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి ముందు మీ తరఫున మాట్లాడేవి ఆ మెయిల్లోని నాలుగు వాక్యాలే.

బడిలో 'ఐ వాంట్ టు గో', 'ఐ హావ్ టు రీడ్' అని వల్లె వేశాం. అందుకే 'టు' రాయగానే చెయ్యి అలవాటుగా 'హియర్' అని రాసేస్తుంది. 'లుక్ ఫార్వర్డ్ టు'లోని 'టు' వేరు. అది మన 'కోసం' లాంటిది. 'వినడం కోసం' అంటాం గానీ 'విను కోసం' అనం కదా! తెలుగులో మీరు రోజూ పాటిస్తున్న సూత్రమే ఇది. అక్కడ 'డం', ఇక్కడ 'ఇంగ్'.

అనుమానమొస్తే 'టు' తర్వాత ఒక పేరు పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు బతుకమ్మ' కుదురుతుంది, కాబట్టి క్రియకు 'ఇంగ్' చేర్చాలి. 'వాంట్ టు బతుకమ్మ' కుదరదు, అక్కడ 'ఇంగ్' అక్కర్లేదు. 'కమిటెడ్ టు', 'అబ్జెక్ట్ టు' మొదటి కోవలోవే. 'యూజ్డ్ టు' దగ్గర మాత్రం జాగ్రత్త. 'ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్' అంటే రాత్రిపూట పని నాకు అలవాటే అని. 'ఐ యూజ్డ్ టు వర్క్ ఎట్ నైట్' అంటే ఒకప్పుడు చేసేవాణ్ని, ఇప్పుడు లేదని. రాత్రి షిఫ్టు ఉద్యోగానికి రెండోది రాస్తే అవకాశం చేజారవచ్చు.

ఇంకో సంగతి. దరఖాస్తులో 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్' కన్నా 'ఐ లుక్ ఫార్వర్డ్' హుందాగా ఉంటుంది.

తెలుగు మీడియంలో చదివాం, ఇంగ్లిష్ మనకు రాదని వెనకడుగు వేయకండి. 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు తెలుగుతో పాటు సంస్కృతం, ఉర్దూ, ఫారసీ, మరాఠీ, ఇంగ్లిష్ నేర్చిన పండితుడు. మన తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటిలో 2022–23 నుంచి దశలవారీగా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. రేపు మీ తమ్ముళ్లు, చెల్లెళ్లు సందేహాలతో మీ దగ్గరికే వస్తారు.

ఈ రోజే మీ పాత దరఖాస్తు తెరవండి. చివరి వాక్యం బిగ్గరగా చదివి, సరిదిద్ది, ఆ తర్వాతే పంపండి.