వడ్డీ లేని ఇల్లు

1968లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున క్లారెన్స్ జోర్డన్, మిలర్డ్ ఫుల్లర్ అనువారు పేదల ఇండ్లకై ఒక మూలనిధి నేర్పరచిరి. తొలి యిల్లు పూర్తికాకమునుపే, 1969లో, జోర్డన్ గతించెను. ఫుల్లర్ దంపతులు 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థను స్థాపించిరి. మన దేశమున దాని పని 1983లో ఖమ్మమున ఆరంభమైనది. 2006లో మాజీ అధ్యక్షుడు కార్టర్, ఎనుబదిరెండేండ్ల వయసున, లోనావాలా చెంత మాలవ్లిలో నూరిండ్ల నిర్మాణమున స్వయముగా పాల్గొనెను.

ఇది దానము కాదు. కుటుంబమువారును సేవకులతో కలసి ఇటుకలు మోయవలెను. లాభమును వడ్డీయు లేక, అసలు మాత్రము వాయిదాలపై చెల్లింపవలెననుట తొలినాటి నియమము. లాభము లేని అంగడి యెన్నాళ్లు నిలుచునని వర్తకు డడుగవచ్చును, అడుగవలసినదే. వాయిదాలు వచ్చినన్నాళ్లు నిలుచును. ఆ పైకముతోనే మరియొక యిల్లు లేచును. ఒకరు బాకీపడినచో, వరుసలోనున్న వేరొకరి గోడ ఆగిపోవును.